కోరిక ఉండగానే మానడం

అమెరికాలోని సియాటిల్‌లో సిగరెట్ అలవాటున్న 123 మంది కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం జరిగింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాళ్లను సిగరెట్ చేతిలోకి తీసుకోమన్నారు, పెదాల దాకా తెచ్చుకోమన్నారు, వెలిగించవద్దన్నారు. నాలుక పీకుతున్న ఆ సమయంలో ఒక బృందానికి ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. తమకు తెలిసిన పద్ధతిలో ఓర్చుకోమన్నారంతే. రెండో బృందానికి మాత్రం కాసేపు చిన్న శిక్షణ ఇచ్చారు. తాగాలన్న యావ ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనించండి, దానితో పోట్లాడకండి, అది చెప్పినట్టు చేయకండి, వచ్చింది వచ్చినట్టు చూస్తూ ఉండండి అన్నారు. తర్వాతి ఏడు రోజుల్లో రెండో బృందం వాళ్లు తక్కువ సిగరెట్లు కాల్చారు. తాగాలనిపించడం మాత్రం రెండు బృందాల్లోనూ ఒకేలా ఉంది.

సారా బోవెన్, అలన్ మార్లాట్ 2009లో ప్రచురించిన ఈ ఫలితంలో అసలు విశేషం ఆ చివరి మాటే. కోరిక తగ్గలేదు, అయినా చెయ్యి ఆగింది.

మన ఇళ్లలో నమ్మకం దీనికి తలకిందులు. ముందు మనసులోంచి కోరిక పోవాలి, ఆ తర్వాతే అలవాటు పోతుందని అనుకుంటాం. తాగుడు మానిన మనిషిని ఆరు నెలల తర్వాత కూడా "ఇంకా అటు మనసు లాగుతోందా?" అని అడుగుతారు. అతను నిజం చెప్పి అవునంటే, ఇంకా మారలేదని తేల్చేస్తారు. దాంతో అతను నిజం చెప్పడం మానేస్తాడు. కోరిక వేరు, దాన్ని అనుసరించి చేసే పని వేరు అని, రెంటి మధ్య ముడిని విప్పవచ్చని చెప్పే చికిత్సా పద్ధతులు గత నలభై ఏళ్లలో రూపుదిద్దుకున్నాయి. వాటిలో ముఖ్యమైనది "యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ". పొడి అక్షరాల్లో కాకుండా "యాక్ట్" అని ఒకే మాటగా పలుకుతారు.

ఆలోచనను అణచిపెడితే ఏమవుతుందో మనస్తత్వ శాస్త్రం చాలాకాలం నుంచే పరీక్షిస్తోంది. 1987లో డేనియల్ వెగ్నర్ బృందం టెక్సస్‌లో కొందరిని ఐదు నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని కోరింది. తలపుకొస్తే గంట మోగించమంది. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఇక ఆలోచించుకోవచ్చని చెబితే, ముందు నుంచీ స్వేచ్ఛగా ఆలోచించిన వాళ్లకంటే వీళ్లకే అది ఎక్కువసార్లు గుర్తుకొచ్చింది. ఇది ప్రయోగశాల మాట. జేమ్స్ ఎర్‌స్కిన్, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన అధ్యయనం దీన్ని పొగతాగే వాళ్ల రోజువారీ జీవితంలోకి తీసుకెళ్లింది. ఒక వారం పాటు సిగరెట్ ఆలోచనను అణచుకోమని చెప్పిన వాళ్లు ఆ వారం తక్కువే కాల్చారు. మరుసటి వారం మిగతా వాళ్లకంటే ఎక్కువ కాల్చారు. మానేస్తానని పట్టుబట్టిన వాళ్లు మొదటి వారంలో గెలిచినట్టే కనిపించడం, అంతలోనే మునుపటికంటే ఎక్కువగా మొదలెట్టడం చూసిన కుటుంబాలకు ఈ ఫలితం కొత్తగా అనిపించదు.

యాక్ట్ పద్ధతికి మూలపురుషుడు స్టీవెన్ హేస్. నెవాడా విశ్వవిద్యాలయంలో చాలాకాలం ఆచార్యుడిగా పనిచేశారు. 1978లో తోటి అధ్యాపకుల సమావేశంలో తనకు మొదటిసారి పానిక్ అటాక్ వచ్చిందని ఆయన బహిరంగంగానే చెప్పారు. భయం రాకుండా చూసుకోవాలని ఎంత ప్రయత్నిస్తే అది అంత పెరిగిందట. ఆ అనుభవం నుంచి, ఆ తర్వాతి పరిశోధనల నుంచి పుట్టిన పద్ధతి 1999లో సహరచయితలతో కలిసి రాసిన పుస్తకంగా వచ్చింది. కుంగుబాటు, దీర్ఘకాలిక నొప్పులతో పాటు వ్యసనాల్లోనూ దీన్ని వాడుతున్నారు. తాగుడు చాలామందిలో ఏదో ఒక బాధ నుంచి తప్పుకునే దారి. నిద్ర పట్టకపోవడం, అప్పుల దిగులు, పోయిన మనిషి మీద బెంగ, ఒంటరితనం... గ్లాసు ఎత్తిన కాసేపు ఇవన్నీ వెనక్కి తగ్గుతాయి. మానగానే అన్నీ కలిసి తిరిగొస్తాయి. అందుకే బాధను ఒంట్లో ఉండనిచ్చే నేర్పు లేకుండా మానడం నిలబడదంటుంది ఈ పద్ధతి.

ఆ నేర్పు అభ్యాసంలో ఎలా ఉంటుందో చూద్దాం. సాయంత్రం ఏడయింది, కూలి డబ్బు జేబులో పడింది, ఇంటికెళ్లే దారిలోనే వైన్ షాపు ఉందనుకుందాం. గొంతు ఎండుతుంది, ఛాతీ బిగుస్తుంది, అడుగు దానంతటదే అటు మళ్లుతుంది. అభ్యాసం ఉన్న మనిషి అక్కడ ఆగి ఆ గుర్తులను ఒక్కొక్కటిగా గమనిస్తాడు. గొంతులో ఎంత, ఛాతీలో ఎంత, పెరుగుతోందా, తగ్గుతోందా అని చూస్తాడు. యావ ఒకే స్థాయిలో నిలిచి ఉండదు. అల మాదిరిగా లేస్తుంది, శిఖరానికి చేరుతుంది, విరుగుతుంది. సముద్రంలో పలక మీద నిలబడి అల మీద సాగిపోయే క్రీడాకారుల పోలికతో మార్లాట్ దీనికి "అర్జ్ సర్ఫింగ్" అని పేరు పెట్టారు. తాగిన ప్రతిసారీ అల శిఖరానికి చేరకముందే ఆగిపోతుంది. అందువల్ల అది తనంతట తానే విరుగుతుందన్న సంగతి ఆ మనిషికి ఎన్నడూ అనుభవంలోకి రాదు. మొదట్లో ఈ పని కౌన్సెలర్ పక్కన ఉండగా, చిన్న చిన్న కోరికలతో నేర్పడానికి కారణం అదే.

మార్లాట్ వ్యసన చికిత్సలోకి ధ్యానాన్ని తెచ్చిన దారి మన దేశం మీదుగా వెళుతుంది. బర్మాలో పుట్టి పెరిగిన భారత సంతతి వ్యాపారి సత్యనారాయణ గోయెంకా 1969లో ఇక్కడికొచ్చి విపశ్యన శిబిరాలు మొదలుపెట్టారు. ఆయన సంప్రదాయంలో నడిచే కేంద్రం హైదరాబాద్ శివార్లలో నాగార్జునసాగర్ రోడ్డు మీద కూడా ఉంది. 1994లో ఢిల్లీ తిహార్ జైల్లో వెయ్యిమందికి పైగా ఖైదీలతో పదిరోజుల శిబిరం జరిగింది. 1997లో సియాటిల్ దగ్గరి ఒక జైల్లోనూ ఇదే శిబిరం మొదలైంది. అక్కడ పాల్గొన్న ఖైదీలను మార్లాట్, బోవెన్ బృందం విడుదల తర్వాత మూడు నెలలకు కలిసింది. శిబిరంలో కూర్చోని వాళ్లతో పోలిస్తే వీళ్లలో మద్యం, గంజాయి, క్రాక్ కొకైన్ వాడకం తక్కువగా కనిపించింది. ఎవరు కూర్చోవాలన్నది ఖైదీలే ఎంచుకున్నారు కాబట్టి ఆ ఒక్క ఫలితంతో ఏదీ తేల్చలేం. కానీ దాన్నుంచే ఎనిమిది వారాల శిక్షణ ఒకటి తయారైంది. అందులో మతపరమైన అంశమేమీ లేదు.

ఇక ఆలోచనల సంగతి. "తాగకుండా ఇవాళ నిద్రపోలేను" అనే వాక్యం తలలో మెదిలితే అది నిజమా అబద్ధమా అని వాదించడం మొదలెడతాం. ఆ వాదనలో గెలిచేది సాధారణంగా కోరికే. యాక్ట్ కౌన్సెలర్ ఆ వాదన జోలికి వెళ్లడు. "తాగకుండా నిద్రపోలేనన్న ఆలోచన నాకిప్పుడు వచ్చింది" అని వాక్యం మార్చి చెప్పమంటాడు. చూడటానికి చాలా చిన్న మార్పు. కానీ మొదటి వాక్యం ఆజ్ఞలా ఉంటుంది, రెండోది వార్తలా ఉంటుంది. వార్త విన్న మనిషి ఏం చేయాలో తనే నిర్ణయించుకోవచ్చు.

అంగీకారం అనే మాటను ఇక్కడ సరిగా అర్థం చేసుకోవాలి. లోపల వచ్చే కోరికను, దిగులును, వణుకును ఉండనివ్వడమే అంగీకారం. తాగుడును ఒప్పుకోవడం కాదు. తాగొచ్చి కొట్టే భర్తను భార్య సహించడం అసలే కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు మొత్తం రాష్ట్రం లేచి నిలబడింది. బయటి పరిస్థితిని మార్చగలిగితే మార్చాల్సిందేనని ఈ పద్ధతి కూడా అంటుంది.

పేరులో రెండో సగమైన "కమిట్‌మెంట్" మన వాళ్లకు బాగా అందే భాగం. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టని వాళ్లు తెలుగు ఊళ్లన్నిటా ఉన్నారు. ఆ రోజుల్లో వాళ్లకు కోరిక రాదని కాదు. దానికంటే పెద్దదైన ఒక విషయానికి కట్టుబడి ఉంటారు, తోటి స్వాములు పక్కన ఉంటారు, తెల్లవారుజామునే లేచి చన్నీళ్ల స్నానంతో మొదలయ్యే దినచర్య ఉంటుంది. మాల తీసిన రోజే సీసా తెరిచేవాళ్లూ కొందరుంటారు. దీక్షకు గడువు ఉంది, ఆ తర్వాతి రోజుకు దారి లేదు. యాక్ట్ ఆ తర్వాతి రోజు గురించే ముందుగా అడుగుతుంది. నీకు ఎలాంటి తండ్రిగా ఉండాలని ఉంది? ఎలాంటి పనివాడివని నలుగురూ అనుకోవాలి? జవాబు ఎంత గొప్పగా ఉన్నా, దాన్ని రేపు చేయగలిగే చిన్న పనిలోకి దించుతారు. కూతుర్ని బడికి దించి రావడం, జీతం రోజున నేరుగా ఇంటికి వెళ్లడం లాంటివి. ఇలాంటి పనికి గడువు ఉండదు, కోరిక తగ్గేదాకా ఆగాల్సిన అవసరమూ ఉండదు.

మధ్యలో ఒకరోజు తాగేస్తే? మార్లాట్ ఎక్కువగా తవ్వింది ఇక్కడే. ఒక్క గ్లాసుతో కలిగే నష్టం కంటే, ఆ గ్లాసు తర్వాత మనిషి తన గురించి చెప్పుకునే మాట వల్ల కలిగే నష్టం ఎక్కువని ఆయన గుర్తించారు. నిండా మునిగినవాడికి చలేమిటన్న ధోరణిలో ఒక్క గ్లాసు వారం రోజుల తాగుడవుతుంది. దాన్ని అంత దూరం లాక్కెళ్లేది సిగ్గు. 2012లో జేసన్ లూమా, హేస్ బృందం ప్రచురించిన అధ్యయనంలో వ్యసన చికిత్స కేంద్రంలో ఉన్న 133 మందిలో ఒక భాగానికి సిగ్గును ఎదుర్కొనే యాక్ట్ శిక్షణ ఆరు గంటలు ఇచ్చారు. చికిత్స ముగిసేసరికి మామూలు చికిత్స పొందిన వాళ్లలోనే సిగ్గు ఎక్కువగా తగ్గినట్టు కనిపించింది. నాలుగు నెలల తర్వాత లెక్క తిరగబడింది. యాక్ట్ బృందంలో సిగ్గు మెల్లగా తగ్గుతూ వచ్చింది, మత్తు వాడిన రోజులూ తక్కువే ఉన్నాయి. తాగొచ్చిన వాణ్ణి పదిమందిలో నిలబెట్టి తిడితే బుద్ధొస్తుందనుకునే పెద్దలు ఈ ఒక్క ఫలితాన్నైనా పట్టించుకోవాలి.

ఇప్పుడు ఒక హెచ్చరిక. ఇది ప్రాణానికి సంబంధించినది. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే వచ్చే వణుకు, చెమటలు, ఫిట్స్ గమనిస్తూ కూర్చోవాల్సిన అలలు కావు. మద్యం మెదడు ఉద్రేకాన్ని అణుస్తుంది. మెదడు దానికి అలవాటుపడి తన వేగాన్ని పెంచుకుంటుంది. మద్యం హఠాత్తుగా ఆగితే ఆ వేగానికి కళ్లెం ఉండదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించే స్థితి రావచ్చు. చికిత్స అందకపోతే అది చంపేయగలదు. తెలంగాణకు ఇది చూసిన సంగతే. క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలం కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడిన వాళ్లు, 2015లో ఎక్సైజ్ శాఖ కల్తీ మీద గట్టిగా బిగించగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆసుపత్రులకు వచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు, కల్లు కాంపౌండ్లు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ముందు మళ్లీ అదే దృశ్యం. మాల వేసుకునే ముందు రోజు ఆపేద్దామనుకునే పాత తాగుబోతు కూడా ముందుగా డాక్టర్‌ను కలవాలి. ఇంట్లో వాళ్లు అతనికి తెలియకుండా అన్నంలో మాన్పించే మందు కలపడం ఇంకా ప్రమాదం. డైసల్ఫిరామ్ ఒంట్లో ఉండగా మద్యం పడితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

శరీరం కుదుటపడ్డాకే ఈ నేర్పుల వంతు. అవి ఎంతవరకు పనిచేస్తాయి? చికిత్స ముగించుకున్న 286 మందిపై సియాటిల్‌లో జరిగి 2014లో వెలువడిన పరీక్షలో, ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ పొందిన వాళ్లు ఏడాది తర్వాత, వేరే రెండు రకాల చికిత్స పొందిన బృందాలకంటే తక్కువ రోజులు మత్తు వాడారు. పొగాకు విషయంలో జొనాథన్ బ్రికర్ బృందం యాక్ట్ సూత్రాలతో ఐకెన్‌క్విట్ అనే మొబైల్ యాప్ తయారుచేసి 2,415 మందిపై పరీక్షించింది. ఏడాది గడిచాక ఆ యాప్ వాడిన వాళ్లలో నూటికి 28 మంది నెలరోజులుగా సిగరెట్ ముట్టలేదన్నారు. కోరిక పుట్టించే వాటికి దూరంగా ఉండమని చెప్పే మరో యాప్ వాడిన వాళ్లలో అది 21. తేడా నిజమైనదే, కానీ మొదటి బృందంలోనూ నూటికి 72 మంది ఆ గీత దాటలేదు. ధ్యానాధారిత పద్ధతులపై కోక్రేన్ సంస్థ 2021, 2022లలో వెలువరించిన సమీక్షలు ఆధారాలు ఇంకా బలహీనంగానే ఉన్నాయని, పొగ మానడంలో స్పష్టమైన అదనపు లాభం కనిపించలేదని చెప్పాయి. కాబట్టి వీటిని మందులకు, డాక్టర్‌కు, కుటుంబ మద్దతుకు తోడుగానే చూడాలి.

మన దగ్గర సమస్య ఇంకా ముందరి మెట్టు మీదే ఉంది. 2019లో ఎయిమ్స్ వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సహాయం అందుతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణ మగవాళ్లలో 43 శాతానికి పైగా తాగుతున్నామని చెప్పారు. ఇంతమందికి సరిపడా మానసిక వైద్యులు ఇప్పట్లో రారు. గోవాలో సంగాత్ సంస్థ మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తాగుడు సమస్య ఉన్న 377 మంది మగవాళ్లపై పరీక్ష జరిపింది. మూడు నెలల తర్వాత, వాళ్ల కౌన్సెలింగ్ అందిన వాళ్లలో 36 శాతం ప్రమాదకరమైన తాగుడు నుంచి బయటపడ్డారు. అందని వాళ్లలో అది 26 శాతం. ఆ కౌన్సెలింగ్ యాక్ట్ కాదు, దానికి దగ్గరి చుట్టం. కోరికను గుర్తుపట్టడం, మాట మార్చి చెప్పుకోవడం, రేపటికి ఒక చిన్న పని ఎంచుకోవడం లాంటివి ఆశా కార్యకర్తలకు, స్వయం సహాయక సంఘాల మహిళలకు నేర్పగలిగినవే. ఈలోగా సహాయం కావలసిన వాళ్లు వ్యసన విముక్తి కోసం 14446కు, మానసిక ఆరోగ్యం కోసం టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. రెండూ ఉచితమే. టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు, తాగే మనిషి బదులు ఇంట్లోవాళ్లయినా చేయవచ్చు.