సర్వర్ డౌన్... అసలేం జరుగుతుంది?

‘సర్వర్ డౌన్, రేపు రండి!’ ఆదాయ ధ్రువపత్రం కోసం పల్లె నుంచి కల్వకుర్తి వచ్చి వరసలో నిల్చున్నవారికి ఈ మాట వినపడితే ఆ రోజు కూలి పోయినట్టే. తీరా చూస్తే ఒక్కోసారి సర్వర్ బాగానే ఉంటుంది. తెగిపోయేది దానికీ, సమాచారమంతా దాచుకున్న డేటాబేస్‌కీ మధ్య ఉన్న దారి.

జావా వెబ్‌సైట్లకు ఆ దారి పేరు జేడీబీసీ. 1997 నుంచీ ఉంది. ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరవడం ఆలస్యం కాబట్టి కొన్నింటిని ముందే సిద్ధంగా ఉంచుతారు. అదే కనెక్షన్ పూల్. బాగా వాడుకలో ఉన్న హికారీ పూల్‌లో మనం మార్చకపోతే ఉండేవి 10 కనెక్షన్లే. బావి దగ్గర పది చేదలున్నట్టన్నమాట! తీసుకున్నవారు తిరిగి పెట్టకపోతే పదకొండోవారు 30 సెకన్లు చూసి వెనుదిరగాల్సిందే. అందుకే ముందు వెతకాల్సింది కనెక్షన్‌ని మూయడం మరిచిన కోడ్‌ని. పూల్ సైజు పెంచితే తప్పు దాగుతుందే తప్ప పోదు.

రాత్రి బాగున్నది పొద్దున్నే మొరాయిస్తోందా? 8 గంటలు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని మైఎస్‌క్యూఎల్ తనే తెంచేస్తుంది. పాత తరహా పూల్‌కి ఆ సంగతి తెలీదు. తెగిన దాన్నే మొదట వచ్చినవారి చేతిలో పెడుతుంది. ఇచ్చేముందు ఓసారి పరీక్షించేలా సెట్టింగ్ మారిస్తే సరి.

సవరణ ఒకట్రెండు లైన్లే. దాంతో మిగిలేది మాత్రం ఒకరి రోజు కూలి!