పాత కంప్యూటరు, కొత్త డిస్కు: ఇంటి అమానతును తరలించడం ఎలా?

పల్నాడు జిల్లా ముప్పాళ్ళలోని మా ఇంటి ముందుగదిలో ఒక డెస్క్‌టాప్ కంప్యూటరు ఉంది. 2011లో కొన్నాము. పిల్లల చదువులు, మిరప, పత్తి లెక్కలు, పెళ్ళి రుక్కాల ముసాయిదాలు అన్నీ దానిపైనే సాగాయి. కొంతకాలంగా అది చాలా మందగించింది. మీట నొక్కి, టీ కాచుకొని వచ్చినా తెర సిద్ధమయ్యేది కాదు. ఒకనాటి సాయంత్రం లోపలి నుండి ‘టిక్... టిక్’ మనే శబ్దం కూడా వినిపించింది.

తెలిసిన మెకానిక్కుకు చూపించాము. “దీని కాలం తీరింది. పాతసామాను వాడికి ఇచ్చేసి కొత్తది కొనుక్కోండి” అన్నాడాయన. పెట్టెను వదులుకోవడానికి మాకు అభ్యంతరం లేదు. కాని అందులో ఉన్నవాటి మాటేమిటి? కీర్తిశేషులైన మా దాదాజాన్ ఒక రమజాను ఉదయాన చేసిన ఖుర్ఆన్ పారాయణం అందులో ఉంది. ఆయన స్వరం మరెక్కడా లేదు. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుండి ఎంత రావాలో వ్రాసుకొన్న లెక్కలున్నాయి. బంధువులు భద్రపరచమని ఇచ్చిన పొలం పత్రాల నకళ్ళున్నాయి. చెల్లెలి నికాహ్ నాటి ఫొటోలున్నాయి. ఇవన్నీ మా చేతిలో ఉన్న అమానతులు. యంత్రం పాతబడినంత మాత్రాన అమానతు బాధ్యత తీరిపోదు. అందుకే పెట్టెను ఉంచి, దానిలోని డిస్కును మాత్రమే మార్చాలని నిశ్చయించుకొన్నాము. ఆ పనిలో నేర్చుకొన్న పాఠాలను, చేయబోయి తప్పించుకొన్న పొరపాట్లను పాఠకులతో పంచుకొంటున్నాము.

జబ్బు ఎక్కడ ఉంది?

హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు ఉంటాయి. డెస్క్‌టాప్‌లలో అవి సాధారణంగా నిమిషానికి 7200 సార్లు తిరుగుతాయి. ఒక సన్నని చేయి వాటి ఉపరితలాన్ని తాకకుండా, వెంట్రుకవాసి కన్నా తక్కువ ఎడంలో కదులుతూ సమాచారాన్ని చదువుతుంది. కావలసిన చోటికి చేయి చేరడానికి, పళ్ళెం తిరిగి రావడానికి కలిపి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక్కసారికి అది స్వల్పమే. కాని కంప్యూటరు ఆన్ అయ్యేటప్పుడు వేలాది చిన్న చిన్న ఫైళ్ళను వెదకవలసి ఉంటుంది. ఆలస్యమంతా అక్కడే పోగవుతుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1956లో ఐబీఎం సంస్థ విడుదల చేసిన తొలి హార్డ్ డిస్కులో 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళేలు ఉండేవి. టన్నుకు పైగా బరువున్న ఆ యంత్రంలో పట్టిన అక్షరాలు 50 లక్షలు. ఈనాడు ఒక ఫోను తీసే ఒక్క ఫొటోకే దాదాపు అంత చోటు కావాలి. పరిమాణం ఎంతో మారినా, తిరిగే పళ్ళెం, కదిలే చేయి అలాగే మిగిలాయి.

ఎస్‌ఎస్‌డి అనే కొత్త రకం డిస్కులో కదిలే భాగాలే లేవు. అందులో సమాచారం చిప్పులలో విద్యుదావేశ రూపంలో నిలుస్తుంది. దానిని వెదకి పట్టుకోవడానికి మిల్లీసెకనులో పదోవంతు చాలు. పాత కంప్యూటరులో ప్రాసెసరును మార్చకుండానే ఈ ఒక్క మార్పుతో ప్రాణం లేచి వచ్చినట్లు ఉండటానికి కారణం ఇదే. ర్యామ్ మరీ తక్కువగా ఉంటే దానిని కూడా పెంచుకోవాలి.

కొనేముందు చూడవలసినవి

మొదటిది కేబులు. 2003లో సాటా అనే పద్ధతి వచ్చింది. దాని డేటా కేబులు సన్నగా, వేలెడు వెడల్పు కూడా లేకుండా ఉంటుంది. అంతకు ముందటి ఐడీఈ పద్ధతిలో నాడాలాంటి వెడల్పాటి కేబులు ఉంటుంది. మీ క్యాబినెట్‌లో వెడల్పాటి కేబులు మాత్రమే కనిపిస్తే ఎస్‌ఎస్‌డి నేరుగా అమరదు. పాత మదర్‌బోర్డుపై సాటా వేగం తక్కువైనా చింతించనవసరం లేదు. అసలు లాభం వెదకులాటలోనే వస్తుంది.

రెండవది పరిమాణం. 500 జీబీ అని అమ్మిన డిస్కు విండోస్‌లో 465 అని, 480 జీబీ అని అమ్మినది 447 అని కనిపిస్తుంది. ఇది మోసం కాదు. తయారీదారులు వేయితో లెక్కిస్తారు, విండోస్ 1024తో లెక్కిస్తుంది. కొత్త డిస్కు పాతదానికన్నా చిన్నదైనా ఇబ్బంది లేదు. అందులో నిజంగా నిండి ఉన్న సమాచారం పడితే చాలు. చాలా పాత విండోస్ ఉన్న కంప్యూటర్లలో 2 టీబీకి మించిన డిస్కు నుండి ఆన్ కావడం కష్టమని కూడా గుర్తుంచుకోవాలి.

మూడవది అమరిక. ఎస్‌ఎస్‌డి రెండున్నర అంగుళాల రకం, పాత డిస్కు గూడు మూడున్నర అంగుళాల రకం. మధ్యలో అమర్చే చిన్న బ్రాకెట్ ఒకటి కొనుక్కోవాలి. నరసరావుపేట, సత్తెనపల్లి వంటి పట్టణాల కంప్యూటరు దుకాణాలలో అడగవచ్చు.

ముందు నకలు, తరువాతే మార్పిడి

మరమ్మతుకు కూర్చున్నవారు సాధారణంగా చేసే తప్పు, ముందుగా స్క్రూడ్రైవరు పట్టుకోవడం. ముందుగా చేయవలసినది డిస్కు ఆరోగ్యం తెలుసుకోవడం. ప్రతి డిస్కు తన లోపాల చిట్టాను తానే వ్రాసుకొంటుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేరు దానిని చదివి చూపుతుంది. చెడి పక్కన పెట్టిన భాగాలు, చదవలేక పెండింగులో ఉన్న భాగాలు అనే రెండు అంకెలు సున్నాగా ఉండాలి. మా డిస్కులో అవి సున్నా కావు.

అటువంటప్పుడు డిస్కును బాగుచేసే పరీక్షలు నడపడం ప్రమాదకరం. అవి జబ్బు మనిషిని పరుగెత్తించినట్లే. అత్యంత విలువైన ఫోల్డర్లను ముందుగా వేరే డిస్కులోకి నకలు చేసుకోవాలి. శబ్దం ఆగకుండా వస్తుంటే మాత్రం వెంటనే కరెంటు ఆపి నిపుణుని వద్దకు తీసుకువెళ్ళాలి. మా డిస్కు అప్పుడప్పుడు మాత్రమే శబ్దం చేసేది. ఒక బాహ్య హార్డ్ డిస్కు కొని, మొదట దాదాజాన్ పారాయణాన్ని, తరువాత లెక్కలను, పత్రాలను, చివరగా ఫొటోలను అందులోకి చేర్చాము. పారాయణం నకలై, ఆ స్వరం మొదటి నుండి చివరి వరకు వినిపించేదాకా అమ్మీ కుర్చీలోంచి లేవలేదు. అల్‌హమ్దులిల్లాహ్, ఒక్క అక్షరం కూడా తెగలేదు.

ఉన్నదున్నట్లా, కొత్తగానా?

మార్పిడికి రెండు మార్గాలున్నాయి. పాత డిస్కును ఉన్నదున్నట్లుగా కొత్తదానిలోకి దించడం ఒకటి. దీనిని క్లోనింగ్ అంటారు. ఫైళ్ళు, ప్రోగ్రాములు, ఫాంట్లు అన్నీ యథాతథంగా వస్తాయి. క్లోన్ పూర్తయ్యాక పాత డిస్కు కేబులు తీసివేసి, కొత్తదానితో మాత్రమే మొదటిసారి ఆన్ చేయాలి. ఒకే గుర్తింపు సంఖ్య గల రెండు డిస్కులు ఒకేసారి కనిపిస్తే విండోస్ తికమకపడుతుంది. పాత డిస్కు ఆరోగ్యంగా ఉంటే ఇది మంచి మార్గం.

కొత్త డిస్కుపై ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా ఎక్కించి, ఫైళ్ళను మాత్రమే తెచ్చుకోవడం రెండవ మార్గం. మా డిస్కు దెబ్బతిన్నది కనుక మేము దీనిని ఎంచుకొన్నాము. విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణల సాధారణ గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మా కంప్యూటరు వయసుకు విండోస్ 11 నిబంధనలు సరిపడవు. అందువలన ఉచితంగా లభించే లినక్స్ మింట్‌ను ఎక్కించాము.

ఒక్క క్షణంలో తప్పిన ముప్పు

కరెంటు ప్లగ్ పీకి, క్యాబినెట్ లోహాన్ని తాకి ఒంటిలోని స్థిర విద్యుత్తును వదిలించుకొని, ఎస్‌ఎస్‌డిని బిగించాము. పల్నాటి ఎండ, మిరప కల్లాల నుండి లేచే ధూళి ఏళ్ళ తరబడి లోపల పేరుకొని ఉంటే మెత్తని కుంచెతో తుడిచాము. అంతా సవ్యంగానే సాగింది. పాత డిస్కు కేబులు తీయడం మాత్రం మరచిపోయాము.

ఏ డిస్కును పూర్తిగా చెరిపి ఎక్కించాలని తెర అడిగింది. 500, 480 అనే రెండు అంకెలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మేము పైదానిని ఎంచుకొని నొక్కబోతుండగా మేనల్లుడు చేయి పట్టుకొన్నాడు. “మామూ, ఆగండి! కొత్తది 480 కదా? మీరు పట్టుకొన్నది పాతది.” ఫొటోల నకలు అప్పటికి సగమే అయింది. ఆ మీట నొక్కి ఉంటే మిగిలిన సగం చెరిగిపోయేది. వెంటనే కంప్యూటరు ఆపి, పాత డిస్కు కేబులు పీకి, తిరిగి మొదలుపెట్టాము. ఆనాటి నుండి మా ఇంట్లో ఒక నియమం: చెరిపే పని చేసేటప్పుడు, చెరగకూడనిది ఆ పెట్టెలో ఉండరాదు.

వచ్చిందనుకొన్నది నిజంగా వచ్చిందా?

ఫైళ్ళన్నీ చేరాక దాదాజాన్ చెప్పగా టైపు చేయించిన వంశావళిని తెరిచాము. తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపించాయి. ఫైలు చెడలేదు. ఆ రోజుల్లో మన డీటీపీ కేంద్రాలలో వాడిన అను వంటి ఫాంట్లు యూనికోడ్ పద్ధతివి కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు రూపాలను కూర్చినవి. ఫాంటు లేకపోతే తెలుగు కనిపించదు. పాత డిస్కులోని ఫాంట్ల ఫోల్డరును తెచ్చి పెట్టాక అక్షరాలు తిరిగి వచ్చాయి. పాత ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ రుక్కాలకు కూడా ఇటువంటి చిక్కే ఉంది. అందువలన పాత డిస్కును వదిలే ముందే ఫాంట్లను దాచుకోవాలి. వీలైతే ముఖ్యమైన పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఒక పీడీఎఫ్ ప్రతి కూడా తీసి ఉంచాలి.

ఆపైన ప్రతి ఫోల్డరులో ఎన్ని ఫైళ్ళున్నాయో, మొత్తం పరిమాణం ఎంతో రెండు చోట్లా సరిపోల్చాము. లెక్క కుదిరిన చోట కూడా కొన్ని ఫైళ్ళను తెరిచి చూశాము. నికాహ్ ఫొటోలలో రెండు సగం వరకే తెరుచుకొన్నాయి. చెడిన భాగాలలో చిక్కుకొన్నవి అవే. వెంటనే చెల్లెలికి ఫోను చేశాము. పెళ్ళయిన కొత్తలో మేమే ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఆ రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి! విలువైన దానికి మూడు ప్రతులు ఉండాలని, అవి రెండు రకాల సాధనాలపై ఉండాలని, ఒకటి వేరే ఇంట్లో ఉండాలని నిపుణులు చెప్పే సూత్రం మాకు ఆ రోజు అనుభవంలో తెలిసింది.

బీరువాలో దాచే ప్రతికి ఎస్‌ఎస్‌డి అంత మంచిది కాదు. ఏళ్ళ తరబడి కరెంటు తగలకపోతే చిప్పులలోని విద్యుదావేశం క్రమంగా కారిపోవచ్చు. వేడి ఎక్కువైన కొద్దీ ఆ నష్టం త్వరపడుతుంది. వేసవిలో మన గదుల వేడి తెలిసినదే. దాచడానికి పళ్ళేల డిస్కే మేలు. దానిని కూడా ఏడాదికి ఒకసారైనా తీసి నడిపి చూడాలి.

పాత డిస్కును ఏం చేయాలి?

పని ముగిసిందని పాత డిస్కును వెంటనే వదిలేయకూడదు. మేము రెండు నెలలు అట్టే ఉంచాము. ఏదీ మరచిపోలేదని నిర్ధారించుకొన్న తరువాతే దాని సంగతి చూశాము.

ఇక్కడ చాలా ఇళ్ళలో పెద్ద అజాగ్రత్త జరుగుతుంది. ఫార్మాట్ చేశాము కదా అని డిస్కును పాతసామాను బండికి వేస్తారు. త్వరిత ఫార్మాట్ చేయడం పుస్తకంలోని విషయసూచికను చింపడం వంటిది. పుటలన్నీ లోపలే ఉంటాయి. ఉచిత సాఫ్ట్‌వేరుతో ఎవరైనా వాటిని బయటికి తీయగలరు. ఇంటి ఆడబిడ్డల ఫొటోలు, ఆధార్ ప్రతులు, బ్యాంకు వివరాలు, ఇతరుల పొలం పత్రాలు అపరిచితుల చేతికి చిక్కితే కలిగే హానిని ఊహించవచ్చు. ఆరోగ్యంగా ఉన్న డిస్కును ఇతరులకు ఇవ్వదలచితే త్వరిత ఫార్మాట్ కాక పూర్తి ఫార్మాట్ చేయాలి. విండోస్ 7, ఆ తరువాతి వాటిలో అది డిస్కు అంతటా సున్నాలు వ్రాస్తుంది, గంటల సమయం తీసుకొంటుంది. ఎస్‌ఎస్‌డిని ఇవ్వవలసి వస్తే తయారీ సంస్థ అందించే చెరిపివేత సాఫ్ట్‌వేరును వాడాలి. చెడిన డిస్కు పూర్తిగా చెరుగుతుందన్న హామీ లేదు. అందుకే మేము దానిని విప్పించి, కళ్ళకు రక్షణ పెట్టుకొని, పళ్ళేలకు డ్రిల్లుతో రంధ్రాలు వేయించాము.

ఇప్పుడు మా ముందుగదిలోని పదిహేనేళ్ళ నాటి కంప్యూటరు అర నిమిషంలో సిద్ధమవుతోంది. పిల్లలు దానిపై పాఠాలు చదువుకొంటున్నారు. ఫజర్ నమాజు తరువాత ఒక్కోనాడు అమ్మీ వచ్చి, ఆ పారాయణం పెట్టమంటుంది. మీ ఇంట్లో కూడా మూలన పడి ఉన్న పాత కంప్యూటరు ఉంటే దానిని అమ్మకముందే, పారేయకముందే, అది ఇంకా ఆన్ అవుతుండగానే ఒకసారి తెరిచి చూడండి. అందులో ఎవరి స్వరముందో, ఎవరి అమానతు ఉందో తెలుసుకోండి. నకలు తీసే పనిని రేపటికి వాయిదా వేయకండి.