రెండో జూదానికి ముందే

పేకాటలో ఆస్తి పోగొట్టుకున్న మనిషి గురించి మాట వస్తే ‘వాడికి నిగ్రహం లేదు’ అని తేల్చేస్తాం. అదే నిజమైతే ధర్మరాజు కథ మనకు అర్థం కాదు. ఓర్పులో, సత్యనిష్ఠలో ఆయనకు సాటి లేరని చెప్పే భారతమే, పాచికల ముందు ఆయన తమ్ముళ్లను, తనను, చివరికి భార్యను ఒడ్డాడని చెబుతుంది. ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరాలిచ్చి పాండవులను విడిపించాడు, పోయిన రాజ్యమూ తిరిగి ఇచ్చేశాడు. వాళ్లు దారిలో ఉండగానే మళ్లీ పిలుపు వచ్చింది. ధర్మరాజు మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. అప్పు తీర్చేస్తే ఆట మానేస్తాడని నమ్మే ప్రతి కుటుంబమూ ఈ రెండో జూదం దగ్గర ఆగి ఆలోచించాలి. ఆట మధ్యలో నిగ్రహం పుట్టుకొస్తుందని ఎదురుచూడటం దండగ. దాన్ని ఆటకు ముందే, ఆడే మనిషి చేతికి అందనంత దూరంలో, ఇంటివాళ్ల భాగస్వామ్యంతో ఏర్పాటు చేసుకోవాలి.

మనసు ఎందుకు మాట వినదో శాస్త్రం కొంత చెప్పింది. గింజ ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడే పావురాలు ఎడతెగకుండా మీటను పొడుస్తాయని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ప్రయోగాల్లో తేలింది. జూదంలో గెలుపు వచ్చే తీరూ అదే. గెలుపు కొద్దిలో తప్పిపోయినప్పుడు, గెలిచినప్పుడు చురుకయ్యే మెదడు భాగాలే కొంతవరకు చురుకవుతాయని 2009లో వచ్చిన పరిశోధన చూపింది. అంటే ఓటమి కూడా ‘ఇంకొక్క ఆట’ అనే పిలుపుగానే అందుతుంది. దానికి తోడు, పోయినచోటే వెతుక్కోవాలన్న మొండితనం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో జూదపు రుగ్మతను మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చింది. పూర్వం క్లబ్బు మూసే వేళ ఉండేది, జేబులో డబ్బు అయిపోయేది. ఫోనుకు ఆ రెండూ లేవు.

జూదం ముదిరిన ఒక్క మనిషి వల్ల సగటున మరో ఆరుగురు నష్టపోతారని 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు అంచనా వేశారు. ఆ ఆరుగురిలో ఎక్కువమంది ఇంటివాళ్లే. డబ్బు కంటే ముందు మాట మీద నమ్మకం పోతుంది. జీతం ఆలస్యమైందని ఒక అబద్ధం, చీటీ పాడలేదని మరొకటి. బంగారం కుదువకు వెళ్లిన సంగతి భార్యకు అందరికంటే ఆఖరున తెలుస్తుంది. లోన్ యాప్ వాళ్లు బంధువులకు ఫోన్లు చేస్తే గాని అసలు అప్పు బయటపడదు. అప్పుడు ఇల్లంతా కూడి, పరువు కోసం పొలమో ప్లాటో అమ్మి కడుతుంది. అదే అన్నింటికంటే ప్రమాదకరమైన ఘడియ. అప్పు పోతుంది, ఆడే అవకాశం మాత్రం అలాగే ఉంటుంది, కొత్తగా అప్పు పుట్టే పరపతి కూడా తిరిగొస్తుంది. జూదరుల కుటుంబాల కోసం ఏర్పడిన గామ్-ఎనాన్ బృందాలు ఇలా ఆదుకోవద్దని చెప్పేది అందుకే.

పెద్దమనిషిని పిల్లవాడిలా కట్టడి చేయడం అవమానం కాదా అని అడగవచ్చు. చాలామంది ఏ నష్టమూ లేకుండా సరదాకు ఆడతారన్నదీ నిజమే. సింగపూర్ ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొంది. అక్కడ పౌరులు కేసినోలోకి అడుగుపెట్టాలంటే రోజుకు 150 సింగపూర్ డాలర్లు కట్టాలి. తనను లోపలికి రానివ్వొద్దని ఎవరికి వారే నమోదు చేసుకోవచ్చు. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు కూడా అలా కోరవచ్చు. ఒక కమిటీ విచారించి నిర్ణయిస్తుంది. బ్రిటన్ 2020లో క్రెడిట్ కార్డుతో జూదం ఆడటాన్ని ఆపేసింది. ఇవి అందరి స్వేచ్ఛనూ తీసేయలేదు. ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయం ఆవేశంలో చెదిరిపోకుండా కాపాడుతున్నాయి. అందులో అవమానం నాకు కనిపించదు.

రమ్మీ నైపుణ్యపు ఆట అన్నది మరో అభ్యంతరం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కక్షిగా ఉన్న కేసులో 1968లో సుప్రీంకోర్టు ఆ మాటే అంది. కాని నైపుణ్యం ఉన్నవాడికీ ఎప్పుడు లేవాలో తెలియకపోవచ్చు. ఇక నిషేధం చాలదా అంటే, తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025లో కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది, శిక్షను ఆడేవాళ్లకు కాక ఆడించేవాళ్లకు పెట్టింది. అది సరైన దారి. అయినా క్రికెట్ బెట్టింగు, సంక్రాంతి బరుల పక్కన గుండాట, తోటల్లో పేకాట చట్టం చూపు తప్పించుకుంటూనే ఉన్నాయి.

కాబట్టి ఇంట్లో చేయాల్సింది ఉంది. ఆడే మనిషి ఒప్పుకోలుతోనే అతని జీతం భార్య చూడగల ఖాతాలో పడాలి, ఫోనులో యూపీఐ రోజువారీ పరిమితి తగ్గాలి, బంగారం ఇద్దరి పేరిట లాకర్లోకి వెళ్లాలి. అప్పు తీర్చక తప్పకపోతే డబ్బు అతని చేతికివ్వకుండా అప్పిచ్చినవాళ్లకే, ఈ ఏర్పాట్లన్నీ అయ్యాకే కట్టాలి. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇస్తుంది. ఇద్దరూ కలిసి కూర్చుని చూస్తే బ్యాంకు అప్పుల్లో దాచినవేవో తెలుస్తాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416కి జూదరే కాదు, ఇంటివాళ్లూ ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.