వంటచెరకు నెంచుకొను విధము

బియ్యము కొనునపుడు రెండు గింజలు నోట వేసికొని చూతుము. కందిపప్పును చేటలో పోసి రాళ్ళేఱుదుము. వంకాయను త్రిప్పి త్రిప్పి పుచ్చు వెదకుదుము. వీని నన్నిటిని పక్వము చేయు నగ్నికి మేతయైన వంటచెరకును మాత్రము దొరకినది దొరకినట్లు పొయ్యిలోనికి ద్రోయుదుము. కన్నులు మండినను, దగ్గు వచ్చినను, పొయ్యి యన్న తరువాత పొగ తప్పదని సరిపెట్టుకొందుము. ఇట్లు సరిపెట్టుకొనుట తగదనియే మా యభిప్రాయము.

కోనసీమలో నిప్పుడు వంట చాలవఱకు గ్యాసు మీదనే జరుగుచున్నది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకము వచ్చిన పిదప గ్యాసుబండ బీదల యిండ్లకును చేరసాగినది. అయినను పెరటిలోని నీళ్ళపొయ్యి చల్లారలేదు. తలంటునీళ్ళకును, పురిటింటి వేణ్ణీళ్ళకును, పెండ్లినాటి పెద్దవంటలకును అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములందు కొబ్బరిమట్టలు, డొక్కలు, చిప్పలు, సరుగుడు కట్టెలు, ఊక, పిడకలు ఇంకను మండుచునే యున్నవి. పెరట నాలుగు కొబ్బరిచెట్లున్న యింట వంటచెరకునకు కొదువ లేదు. దానిని చూచి యెంచుకొను నలవాటే కొదువ.

పొగ యన నేమి? కాలవలసినది పూర్తిగా కాలక గాలిలో గలసిపోవుటయే పొగ. కావున పొగ హెచ్చిన పొయ్యివలన నష్టము రెండు విధములు. వేడి కావలసిన వంటచెరకు వృథాయగును. ఆ వృథాయైనదే మన యూపిరితిత్తులలో జేరును. ప్రపంచారోగ్యసంస్థవారి లెక్కప్రకారము 2020వ సంవత్సరమున ఇంటిపొగవలన ప్రపంచమందు సుమారు 32 లక్షలమంది మరణించిరి. వారిలో అయిదేండ్లు నిండని పిల్లలే 2 లక్షల 37 వేలకు మించిరి. పొయ్యియొద్ద తల్లి యొడిలో గూర్చుండు బిడ్డయు తల్లితోపాటు ఆ పొగనే పీల్చునుగదా!

పొగకు మొదటి కారణము తేమ. అప్పుడే నఱికిన కట్టెలో ఇంచుమించు సగము బరువు నీరే యుండును. పది కిలోల పచ్చికట్టెలు కొన్నచో మనము అయిదు కిలోల కట్టెకును, అయిదు కిలోల నీటికిని వెల యిచ్చినట్లే. అంతతో పోదు. మామూలు నీటిని మరుగువఱకు దెచ్చుటకు పట్టు వేడికి సుమారు ఏడు రెట్ల వేడి, ఆ మరుగునీరు పూర్తిగా ఆవిరి యగుటకు పట్టును. కాగులోని నీటికి జేరవలసిన వేడిని కట్టెలోని నీరే త్రాగివేయును. పొయ్యి చల్లబడి, కట్టె మండక కుమిలి, ఇల్లంతయు పొగ క్రమ్మును. కావున చౌకగా వచ్చిన పచ్చికట్టెకంటె వెల యెక్కువైన యెండుకట్టెయే తుదకు చౌక.

ఎండుకట్టెను గుర్తించుట కష్టము కాదు. కొనలయందు బీటలు వాఱియుండును. బెరడు తేలికగా నూడివచ్చును. రెండు కట్టలను తాటించినచో ఖణేలుమని మ్రోగును. పచ్చిది మొద్దుగా పలుకును. లావుపాటి దుంగలను చీల్చి, క్రింద గాలి యాడునట్లు బద్దలమీద పేర్చి, వేసవిలో నెండనిచ్చి, తొలకరికి ముందే చూరుక్రిందికి జేర్చుకొనవలెను. కార్తికమాసపు తుపానులవఱకు వానలు వదలని మన సీమలో ఈ ముందుచూపు మఱింత యవసరము.

ఇక నేది యే పనికి? ఎండిన కొబ్బరాకులు భగ్గున మండి చప్పున చల్లారును. అవి రాజబెట్టుటకే తగినవి. డొక్క పీచు నీటిని మిక్కిలిగా పట్టియుంచును. వానలో తడిసిన డొక్క పైకి పొడిగా గనబడినను లోపల చెమ్మగా నుండును. దానిని విడదీసి యెండబెట్టనిదే పొయ్యి దరికి రానీయరాదు. చిప్ప మాత్రము గట్టిది, వేడి యెక్కువ, బూడిద తక్కువ. చిప్పబొగ్గునుండి నీటిని శుద్ధిచేయు ఉత్తేజిత కర్బనమును చేయుదురు గనుక చిప్పకు విపణిలో వెల గలదు. అంబాజీపేట కొబ్బరి వర్తకము నెఱిగిన వారికి ఇది చెప్పనక్కఱలేదు. ఇంట కాల్చుటయా, అమ్ముటయా యని గృహిణి లెక్కవేసికొనవలసినదే. సముద్రతీరపు టిసుకనేలలలో పెరుగు సరుగుడు పచ్చిగా నున్నను మండునని పేరుపొందినది. అయినను ఎండినదే మేలు. ఊకలో నూటికి 15 మొదలు 20 పాళ్ళవఱకు బూడిదయే. మాటిమాటికి బూడిద దీయనిదే మంట నిలువదు. పాలు కాగు దాలికి పిడకయే తగును. కాని పిడకపొగ ఘాటైనది. దానిని ఆరుబయటనే యుంచవలెను.

ఈ మధ్య కట్టెగుళికలను గూర్చియు వినుచున్నాము. రంపపుపొట్టు, వేరుసెనగ తొక్కలు మున్నగువానిని ఎండబెట్టి, పొడిచేసి, యంత్రమున గట్టిగా నొత్తి, చిటికెనవ్రేలికంటె సన్నని గుళికలుగా చేయుదురు. కట్టెలో సహజముగా నుండు లిగ్నిను అను పదార్థము వేడికి మెత్తబడి జిగురువలె పట్టుకొనును. చలిదేశములలో వీనితో గదులను వెచ్చబఱచు పొయ్యిలు గలవు. ఐరోపాలో మేలురకమని యెంచు గుళికలో నూటికి 10 పాళ్ళకు మించి తేమయు, 0.7 పాళ్ళకు మించి బూడిదయు నుండరాదు.

అట్టి కొలతలు మన కందుబాటులో లేకున్నను పరీక్షలు గలవు. సంచి అడుగున పొడి యెక్కువగా నున్నచో ఆ గుళిక గట్టిది కాదు. మంచిది నున్నగా మెఱయును, విఱిచినచో పుటుక్కుమనును. నీటిలో వేసినచో మునిగి, ఉబ్బి, కొలదిసేపటికే పొట్టుగా విడిపోవును. దేనితో చేసిరో అడుగవలెను. ఊకతో చేసినదైనచో బూడిద తప్పదు. ఒక కిలో కాల్చి బూడిదను తూచినచో మఱి సాక్ష్య మక్కఱలేదు. గుళికకు గాలిని తగుపాళ్ళలో నందించు ప్రత్యేకమైన పొయ్యి కావలయును. మామూలు మట్టిపొయ్యిలో పోసినచో సరిగా మండక కుమిలి పొగ గ్రక్కును. వానగాలి సోకినను గుళిక పొట్టుగా మాఱును గనుక మూతిబిగించిన సంచిలోనే దాచవలెను.

పొయ్యి కొనుటకు ముందు మఱియొక సంగతి గమనింపదగినది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థ సాయముతో బి.పి. అను చమురుసంస్థ 2006లో 'ఊర్జా' అను గుళికలపొయ్యిని దెచ్చినది. చిన్న పంకా గాలి నందించుటచే పొగ మిక్కిలి తక్కువ. మహారాష్ట్ర, కర్ణాటక మొదలగు రాష్ట్రములలో సుమారు 4 లక్షల పొయ్యిలు అమ్ముడుపోయినవి. పిమ్మట గుళికలకు ముడిసరకైన పంటవ్యర్థములను పరిశ్రమలును కోరుటచే ధర పెరిగినది; ధర పెరుగగా నెన్నో యిండ్లలో ఆ పొయ్యి మూలబడినది. 2021లో బొగ్గు విద్యుత్కేంద్రములు నూటికి 5 పాళ్ళు గుళికలు కలుపవలెనని కేంద్రప్రభుత్వము విధానము ప్రకటించుటచే ఆ పోటీ మఱింత పెరిగినది. కావున పండ్రెండు నెలలును గుళిక యెక్కడ దొరకును, ఏ వెలకు దొరకును, దొరకనినాడు మన పెరటి చిప్పముక్కలతో ఆ పొయ్యి మండునా యని ముందుగా విచారింపవలెను.

పొయ్యియు మంచిదై యుండవలెను. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజుగారు పొగగొట్టముగల మట్టిపొయ్యిని రూపొందించి, పొగలేని వంటిండ్లను గూర్చి 1953లో పుస్తకమును ప్రకటించిరి. పొగగొట్టము పొగను బయటికి బంపును. వంటచెరకు ఎండినదైనచో పుట్టు పొగయే తగ్గును. రెండును కావలయును.

తుదకొక హెచ్చరిక. చలియని, ముసురని బాలెంతరాలి గదిలో తలుపులు బిగించి కుంపటి పెట్టు నాచారము కొన్ని యిండ్లలో గలదు. ఎఱ్ఱగా రాజుకొన్న బొగ్గునుండి పొగ రాదు గనుక అపాయము లేదని భ్రమింపరాదు. దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగును లేదు, వాసనయు లేదు. తలనొప్పి, వాంతి, తలత్రిప్పు, మగత దాని గుర్తులు. నిద్రలోనే ప్రాణము దీయగలదు. గదిని వెచ్చబఱచుటకు కుంపటిని వాడకుడు. బిడ్డకు పొడిగుడ్డలును, తల్లి యొడి వేడియు చాలును. సాంబ్రాణి వేయవలసివచ్చినచో తలుపులు తెఱచి, పని తీఱినవెంటనే నిప్పును బయట బెట్టుడు.

ప్లాస్టిక్కు సంచులను, రంగువేసిన చెక్కలను పొయ్యిలో నెన్నడును వేయకుడు. శుభ్రమైన కట్టెబూడిదను పాఱవేయక కొబ్బరిచెట్టు మొదట చల్లుడు, పొటాషుగల యెరువది. రేపు పొయ్యి రాజబెట్టుటకు ముందు కట్ట నొకదానిని చేతబట్టి తాటించి చూడుడు. మొద్దుగా పలికినదానిని ఎండలోనికి ద్రోయుడు. ఇంతటి చిన్న పరీక్షతోనే మీ కన్నులకును, బిడ్డల యూపిరికిని కొంత మేలు చేకూరును.