ఒకే ఒరలో రెండు కత్తులా?

గౌలిగూడ, కోఠి సందుల్లో గదులు అద్దెకు తీసుకుని చదువుకునే మన మిత్రుల్లో అమెరికా మాట ఎత్తనివారు అరుదు. వీసా, ఉద్యోగం, గ్రీన్ కార్డు - ఇంతవరకూ అందరికీ కంఠోపాఠమే. ఆ తరువాతి మెట్టు పౌరసత్వం. అక్కడికొచ్చేసరికి "రెండు పాస్‌పోర్టులూ ఉంచుకుంటే పోలా!" అనేస్తారు. అలా కుదరదు. ఎందుకు కుదరదో చూద్దాం.

పుట్టుకతో పౌరసత్వం రెండు విధాలుగా వస్తుంది. ఒకటి పుట్టిన గడ్డను బట్టి, రెండోది తల్లిదండ్రులను బట్టి. అమెరికా 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణతో మొదటి దారి పట్టింది. జర్మనీ చాలాకాలం రెండో దారినే నడిచి, 2000 నుంచి మొదటిదానికీ కొంత చోటిచ్చింది. మన దేశం ఇందుకు ఎదురు నడిచింది. మొదట్లో ఇక్కడ పుడితే చాలు. 1987 జూలై 1 నుంచి పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి. లేదా ఒకరు పౌరులై, రెండవవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు.

ఇక ద్వంద్వ పౌరసత్వం. అమెరికా తన కొత్త పౌరునిచేత విధేయతా ప్రమాణం చేయిస్తుందే గాని, పాత పాస్‌పోర్టు వదిలి తీరాలని పట్టుబట్టదు. జర్మనీ కూడా 2024 జూన్ నుంచి అభ్యంతరం మానుకుంది. అడ్డం చెప్పేది మన చట్టమే. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా స్వచ్ఛందంగా పరదేశ పౌరసత్వం పుచ్చుకుంటే, ఆ క్షణమే భారత పౌరసత్వం పోతుంది. పెట్టెలో పాత పాస్‌పోర్టు దాచుకున్నంత మాత్రాన అది నిలవదు.

"మరి ఓ.సి.ఐ. కార్డు ఉందిగా?" అనవచ్చు. ఉంది. 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్ సందర్భంగా మన హైదరాబాదులోనే ఆ పథకాన్ని ప్రారంభించారు. పేరులో పౌరసత్వం ఉన్నా అది జీవితకాలపు వీసా వంటిది. దానితో ఓటు వేయలేరు, ఎన్నికల్లో నిలబడలేరు. నాన్నగారి రెండెకరాలు వారసత్వంగా రావచ్చు గాని, పక్కనున్న ఎకరం సాగుభూమి కొనడానికి వీల్లేదు. భారత పాస్‌పోర్టుతోనే విదేశంలో ఉంటున్నవారి సంగతి వేరు. 2011 నుంచి వారు ఓటరుగా నమోదై, స్వస్థలానికి వచ్చి ఓటు వేయవచ్చు.

వదులుకున్నది తిరిగి పొందలేమా? పొందవచ్చు, కాని దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడ నివసించి ఉండాలి. ఈ నిబంధన ఎంత గట్టిదో వేములవాడ ఉదంతం చెబుతుంది. చెన్నమనేని రమేష్ గారు 1993లో జర్మన్ పౌరసత్వం తీసుకున్నారు. 2009 ఫిబ్రవరిలో భారత పౌరసత్వం తిరిగి పొంది, ఆ ఏడే శాసనసభకు గెలిచారు. తరువాత 2010, 2014, 2018లలోనూ గెలిచారు. అయితే దరఖాస్తుకు ముందు ఏడాదిపాటు ఇక్కడ లేరనీ, ఆ సంగతి దాచారనీ కేంద్ర హోంశాఖ 2017లోనూ, కోర్టు తిప్పి పంపాక మళ్ళీ 2019లోనూ పౌరసత్వం రద్దు చేసింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన్ని జర్మన్ పౌరుడిగానే తేల్చి, 30 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. నాలుగుసార్లు ప్రజలు వేసిన ఓటు కూడా ఆ పన్నెండు నెలల లోటును పూడ్చలేకపోయింది!

వెళ్ళడం తప్పని ఎవరూ అనరు. అక్కడి పౌరులు కావడమూ నేరం కాదు. అయితే ఆ ప్రమాణపత్రం మీద చేసే సంతకంతో వచ్చేదేమిటో అందరూ చెబుతారు. పోయేదేమిటో మనమే తెలుసుకోవాలి. అదీ విమానం ఎక్కకముందే తెలుసుకుంటే మేలు.