గుమ్మడి ఆకుకు వెండి పూత.. తెల్లదోమ పనే!

బేగంబజార్: ఇక్కడి డ్రైఫ్రూట్ దుకాణాల్లో బాదం, పిస్తాల పక్కనే గుమ్మడి పప్పునూ తూకం వేసి అమ్ముతారు. ఆ గింజ నిండాలన్నా, కాయలో కండ రంగెక్కాలన్నా పాదు మీది ఆకే వండి పెట్టాలి. ఆకు మీద వెండి పూసినట్టు మెరుపు వచ్చిందంటే ఆ వంట కుంటుపడినట్టే.

ఈ మెరుపు చూడగానే బూడిద తెగులని గంధకం చల్లేవారున్నారు. వేలితో రుద్ది చూడండి. బూడిద తెగులైతే పొడి అంటుతుంది, ఇది అంటదు. పైగా తీగ కూరగాయలకు గంధకం పడక ఆకు మాడుతుంది కూడా. కొన్ని గుమ్మడి రకాలకు ఈనెలు చీలే చోట పుట్టుకతోనే వెండి మచ్చలుంటాయి. వాటితో భయం లేదు. జబ్బు మెరుపు లేత ఆకుల ఈనెల వెంట మొదలై పైభాగమంతా పరుచుకుంటుంది. అడుగుభాగం మామూలుగానే ఉంటుంది.

ఆకు పైపొర కింద పచ్చని కణాలు ఒత్తుగా అతుక్కుని ఉంటాయి. జబ్బులో ఆ పొర, గోడ మీద సున్నం పెచ్చు లేచినట్టు, కణాల నుంచి విడిపోతుంది. మధ్యలో గాలి చేరుతుంది. ఎండ అక్కడ తగిలి వెనక్కి చెదరడం వల్లనే వెండి రంగు. పత్రహరితమూ తగ్గుతుంది. జబ్బు ముదిరితే కాయలు పాలిపోతాయి.

ఇది వైరస్ కాదు. తెల్లదోమ పిల్ల పురుగులు ముదురు ఆకుల అడుగున రసం పీలుస్తుంటే, మెరుపు మాత్రం కొత్తగా వచ్చే ఆకుల్లో కనిపిస్తుంది. అన్ని తెల్లదోమలూ ఈ పని చేయవు. ‘బి’ రకం అనే పరాయి దోమే చేస్తుంది. 1980ల చివర అమెరికాలోని ఫ్లోరిడాలో గుమ్మడి జాతి తోటలను ఇదే వేధించింది. మన దేశంలో 1999లో, మదనపల్లెకు పొరుగున ఉన్న కోలారు టమాటా తోటల్లో బయటపడింది.

మందుల మీద మందు కొడితే దోమ తగ్గదు. 1980ల్లో గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు ఆ దెబ్బ తిన్నవారే. జిడ్డు పూసిన పసుపు అట్టలు కట్టాలి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి. కాపు అయిపోయిన పాదులను పీకేయాలి. గుమ్మడి పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి, తేనెటీగలు అప్పుడే వస్తాయి. కనుక పిచికారీ సాయంత్రమే మేలు. మెరిసిన ఆకు తిరిగి పచ్చబడదు. దోమ తగ్గిందో లేదో ఆ తర్వాత వచ్చే చిగురును చూసి తెలుసుకోవాలి.