నల్ల మెహందీలో నలుపు ఎక్కడిది?

మక్కా విజయం (హిజ్రీ 8, క్రీ.శ. 630) నాడు హజ్రత్ అబూబకర్ (రజి) గారి వృద్ధ తండ్రి అబూ ఖుహాఫాను దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికి తీసుకువచ్చారు. ఆయన తల, గడ్డం పూర్తిగా నెరిసిపోయి ఉన్నాయి. ఆ తెలుపును ఏదైనా రంగుతో మార్చమనీ, నలుపు మాత్రం వద్దనీ దైవప్రవక్త (స) సూచించినట్లు సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉంది. గోరింటాకు, కతమ్ అనే మొక్క ఆకు నెరిసిన జుట్టుకు శ్రేష్ఠమని మరో హదీసు చెబుతోంది. నల్లరంగు విషయంలో ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. మేమిక్కడ ఆ చర్చ జోలికి పోవడం లేదు. ఆ నలుపు దేనితో వస్తోందన్నదే మా ప్రశ్న.

జుమాకు ముందు గడ్డానికి రంగు వేసుకోవడం మన పెద్దల్లో చాలామందికి అలవాటు. హైదర్‌గూడ, నారాయణగూడ, చిక్కడపల్లి వీధుల్లో ‘కాలీ మెహందీ’ పొట్లం అడిగితే చాలు, దొరుకుతుంది. మెహందీ అన్న పేరు వినగానే ఇది సున్నత్ కదా, ఆకుపొడే కదా, హాని ఏముంటుందని అనుకుంటాం. పొరపాటు ఇక్కడే మొదలవుతుంది.

గోరింటాకులో ఉండే రంగు పదార్థం లాసోన్. దానితో వచ్చేది నారింజ, ఎరుపు ఛాయలే. గోరింటాకు ఒక్కటే ఎన్నడూ నలుపునివ్వదు. నీలిమందు ఆకు తోడైతే నలుపు వస్తుంది గానీ, దానికి గంటల సమయం పడుతుంది. అరగంటలో నిగనిగలాడే నలుపు వచ్చిందంటే, అందులో తరచుగా ఉండేది పారాఫినైలీన్ డయమీన్ (పీపీడీ) అనే రసాయనం.

పీపీడీ గాలితోనో, పెరాక్సైడ్‌తోనో కలిసి నల్లబడుతుంది. ఆ మార్పు జరిగే సమయంలో అది చర్మంలోకి దిగి అక్కడి మాంసకృత్తులకు అంటుకుంటుంది. కొందరి శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. అందుకే మొదటిసారి ఏమీ కాకపోవచ్చు. ఏళ్ల తరబడి వాడిన వారికి కూడా ఒకరోజు హఠాత్తుగా దురద, మంట పుడతాయి. ఇవి సాధారణంగా రంగు వేసుకున్న ఒకటి నుంచి మూడు రోజుల్లో కనిపిస్తాయి. చెవులు, మెడ, నుదురు ఎర్రబడతాయి, పొక్కులు లేచి నీరు కారుతుంది, కనురెప్పలు వాచి మూసుకుపోతాయి. ఒకసారి ఏర్పడిన ఈ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అమెరికాలోని చర్మ అలర్జీ నిపుణుల సంఘం 2006లో పీపీడీని ‘ఈ ఏటి అలర్జీ కారకం’గా ప్రకటించింది.

పెళ్లిళ్లకు, ఈద్‌కు ఆడపిల్లల చేతులకు పెట్టే నల్ల కోన్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చిన్నప్పుడు చేతికి అంటిన పీపీడీకి అలర్జీ ఏర్పడితే, పెద్దయ్యాక తలకు రంగు వేసుకున్న రోజున అది విరుచుకుపడవచ్చు.

పీపీడీ ఉన్న రంగుల పెట్టెలపై హెచ్చరిక ముద్రించాలని మన దేశపు నిబంధనలు చెబుతున్నాయి. ముందుగా చర్మంపై పరీక్షించాలి, కనుబొమలకు, రెప్పలకు వాడరాదు, చూపు పోయే ప్రమాదం ఉంది అన్నది దాని సారాంశం. ఆ చిన్న అక్షరాలను చదివే ఓపిక మనకుండాలి. ‘అమ్మోనియా లేదు’ అని రాసి ఉన్నంత మాత్రాన పీపీడీ లేదని అర్థం కాదు.

కలిపిన రంగును చెవి వెనుక గానీ, ముంజేతి లోపలి వైపు గానీ చుక్కంత రాసి రెండు రోజులు గమనించండి. ప్రతిసారీ ఇలాగే చేయండి. ఎర్రబడినా, దురద పెట్టినా ఆ రంగు మానేయండి. అయితే ఇదివరకే అలర్జీ వచ్చినవారు ఈ పరీక్ష ఇంట్లో చేసుకోకూడదు, ఆ రంగును మళ్లీ ముట్టకూడదు. తలకు వేసుకున్నాక మంట మొదలైతే వెంటనే ధారాళంగా నీళ్లతో కడిగేసి, చర్మవైద్యుని సంప్రదించండి. ఉస్మానియా ఆస్పత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ఊపిరాడకపోయినా, నాలుక వాచినా క్షణం ఆలస్యం చేయరాదు. పుండ్లకు నీరు తగిలితే హాని అని వైద్యుడు చెబితే, వుజూ విషయంలో షరీఅత్ ఇచ్చిన సౌలభ్యాలను ఆలిములను అడిగి తెలుసుకోండి.

శరీరం అల్లాహ్ మనకిచ్చిన అమానత్. మనల్ని మనం చేజేతులా నాశనంలోకి నెట్టుకోరాదన్నది దివ్య ఖుర్‌ఆన్ బోధ. నెరిసిన గడ్డం సిగ్గుపడవలసిన విషయం కాదు. రంగు కావాలనుకుంటే అచ్చమైన గోరింటాకు ఉండనే ఉంది. అది ఎర్రగానే పండుతుంది. ఆ ఎరుపుతో తృప్తిపడదాం.